ఎండవేళ ముడిచిన ఆకు

అక్కా,

ఇవాళ మధ్యాహ్నం రెండు గంటలకు రొంపిచెర్లలో బావ నీ బత్తాయి చెట్లలో నాలుగింటిని నరికించాడు. నువ్వు పోయి నేటికి ఏడాది. వానలు లేక బావి అడుగంటింది. చెట్ల ఆకులు సగం రాలిపోయాయి, మిగిలినవి దొన్నెల్లా ముడుచుకున్నాయి. నేను గుంటూరులో పేపరాఫీసు నుంచి వచ్చేసరికి నాలుగో చెట్టు పడుతోంది. ఆగమన్నాను.

"పేపర్లో రాసుకో పోరా. చచ్చిన చెట్లకు కాపలా ఏంది? జొన్నన్నా చల్లుకుంటా," అన్నాడు బావ.

నరికిన కూలి యోహాను మొద్దును తడిమి చూశాడు. "లోపల చానా తడుందయ్యా. ఇది చావలేదు," అన్నాడు.

బావ ఆ మొద్దు పక్కనే కూర్చుండిపోయాడు.

నీళ్లు చాలనప్పుడు చెట్టు ఎండవేళ ఆకులు ముడుచుకుని, కొన్నిటిని రాల్చుకుని, ఉన్న తడిని కాపాడుకుంటుంది. అందుకే నువ్వు మధ్యాహ్నపు ఆకును నమ్మేదానివి కాదు. తెల్లవారి చూసి, అప్పటికీ విప్పుకోకపోతేనే నీళ్లు మోసేదానివి. ఆ సంగతి బావకు తెలియదు. నాకు తెలిసీ ఏడాదిగా ఆయనకు ఒక్క కార్డు ముక్క రాయలేదు.

ఇంకా ఆరు చెట్లున్నాయి. రేపు పొద్దు పొడవకముందే బావా నేనూ వెళ్లి చూస్తాం. విప్పుకోని చెట్టుకు పోయడానికి నీళ్లు లేవు. అలాంటి చెట్లను ఎనిమిదింటికి యోహాను నరుకుతాడు.