సోడా అంటే సోడానే

మార్చి 2
చెత్తబండి అతను మళ్లీ దెప్పాడు. ముగ్గురున్న ఇంట్లో ముప్పైమంది చెత్త ఏమిటి సార్ అన్నాడు. ఏం చెప్పను? అత్తగారికి పక్షవాతం వచ్చి నాలుగు నెలలు. కుడివైపు పడిపోయింది, మాట పడిపోయింది. డైపర్లు, గ్లౌజులు, వైప్స్, మందుల రేకులు. నా ఉద్యోగం పోయాక మా ఆవిడ డ్యూటీలకి వెళ్తోంది, వాళ్లమ్మని నేను చూసుకుంటున్నాను.

మార్చి 3
డైపర్లు మానలేను. గ్లౌజులు మానలేను. ఎటు చూసినా నేను మానగలిగింది టూత్‌పేస్టు ట్యూబ్ ఒక్కటే.

మార్చి 5
వీడియో చూసి పేస్టు చేశాను. కొబ్బరినూనె, సోడా, ఉప్పు, కాస్త లవంగాల పొడి. రెండు సీసాలు. నాది వేరు, అత్తగారిది వేరు, శుభ్రం ముఖ్యమని ఇంటికొచ్చి చూసే నర్సు చెప్పింది. మా ఆవిడ ఒకసారి తోముకుని, నోట్లో సున్నం వేసినట్టుంది అని మళ్లీ తన ట్యూబ్ తీసుకుంది. అత్తగారు మాత్రం కిక్కురుమనకుండా తోమించుకున్నారు. పుక్కిలించడం రాదు, తడిబట్టతో తుడిచాను. పద్దెనిమిదేళ్లలో ఆవిడ వంక పెట్టకుండా ఒప్పుకున్న నా పని ఇదొక్కటే. గర్వంగా ఉంది, నవ్వూ వచ్చింది.

మార్చి 19
అత్తగారి సీసా ఖాళీ. సోడా తెమ్మని మా ఆవిడకి ఫోన్ చేశాను. ఏ సోడా అంది. సోడా అంటే సోడానే, అందులో రకాలేమిటి అని విసుక్కున్నాను. తెచ్చింది. డబ్బాలో పోసి, కవరు పారేయకుండా కడిగి ఆరేశాను. సాయంత్రం అత్తగారికి కొత్త పేస్టు కలిపాను.

మార్చి 20
నోరు బిగించేశారు. మొహం తిప్పుకున్నారు. పాత అత్తగారు మేలుకున్నారన్నమాట.

మార్చి 22
ఎడమచేత్తో నా మణికట్టు తోసేశారు. ఆ చేతికింకా అంత బలముంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. చేయి పట్టుకుని తోమాను.

మార్చి 23
అలాగే.

మార్చి 25
అలాగే. ఈసారి కళ్లంట నీళ్లు. నేనంటే అంత అసహ్యమా? స్నానాల గదిలోకి వెళ్లి నేనూ ఏడ్చాను.

మార్చి 27
నర్సు వచ్చింది. నోరంతా పుళ్లు, మందుల వేడి అయ్యుంటుందంది. జెల్ ఇచ్చింది. ముందు శుభ్రంగా తోమి, తర్వాత రాయమంది.
తోమాను.

మార్చి 29, ఉదయం 6.40
నా సీసా కూడా అయిపోయింది. బద్ధకించి అత్తగారి సీసాలోంచి కొంచెం తీసుకున్నాను. నోరు భగ్గుమంది. ఉమ్మేసి, ఎంత పుక్కిలించినా మంట తగ్గలేదు. వంటింట్లో ఆరేసిన కవరు తీసి చదివాను. వంటసోడా కాదు, బట్టలుతికే సోడా.

7.15
నేను పుక్కిలించగలిగాను. ఆవిడ తొమ్మిది పొద్దులు నాకు చెప్తూనే ఉన్నారు. ఉన్న ఒక్క చేత్తో చెప్తే ఆ చేయి కూడా పట్టుకున్నాను.

8.00
మంచం పక్కన కింద కూర్చుని అంతా చెప్పాను. నన్ను తిట్టండి అన్నాను. ఒకప్పుడు ఆవిడ తిడితే వీధి చివరిదాకా వినబడేది. కిటికీ వైపే చూస్తూ ఉన్నారు.

మార్చి 30
రాత్రంతా దిగమింగుకోలేక మా ఆవిడకి చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. ఏ సోడా అని అడిగాను కదా అంది. అంతే. ఆటోకి ఫోన్ చేసి, లేవండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దాం అంది. ఇక నోటి పని తనే చూస్తుందట.

ఏప్రిల్ 8
పుళ్లు మానాయన్నాడు డాక్టర్. మా ఆవిడ నాతో మళ్లీ మామూలుగా మాట్లాడుతోంది. ఇంకొంచెం కోప్పడి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 11
మా ఆవిడకి పొద్దున్నే డ్యూటీ. దుప్పటి సర్దుదామని ఒట్టి చేతులతో వెళ్లాను. అత్తగారు నన్ను చూసి నోరు తెరిచారు. తోమడానికి కాదండీ, ఏమీ లేదు చూడండి అని రెండు చేతులూ చాపి చూపించాను. తెరిచిన నోరు మూయలేదు.