ఏదీ నొక్కకపోతే నీ వైపే

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన పాత ల్యాప్‌టాప్ వారం రోజులుగా డిస్కు కనబడటం లేదంటూ మొరాయిస్తోంది. పళ్ళిపట్టు నుంచి వచ్చే బస్సులో ఒళ్ళో పెట్టుకుని తిరుత్తణికి తీసుకెళ్ళాను.

రిపేరు చేసే అతను లోపల వదులైన వైరు బిగించి, "అక్కా, దీంట్లో రెండు సిస్టమ్‌లుండాయి. ఒగటి తీసేస్తే బాగా నడుస్తాది. ఆ రెండోది ఎవురు వాడతారు?" అన్నాడు.

"మా ఇంటాయన వాడతాడు. రెండూ ఉండనీప్పా" అన్నాను.

ఇంటికొచ్చి ఆన్ చేస్తే, నీ సిస్టమ్, నా సిస్టమ్ రెంటిలో ఏది కావాలో ఎంచుకోమని పది సెకన్లు ఆగింది. ఏదీ నొక్కకపోతే నీ వైపుకే పోయేలా పెట్టుకున్నావు కదా! నేను రోజూ నిన్ను తిట్టుకుంటూ బాణం నొక్కి నా వైపుకు మార్చుకునేదాన్ని. ఇవాళ ఏదీ నొక్కలేదు.

నీ పేరు వచ్చింది. కింద పాస్‌వర్డ్ అడిగింది. అడిగితే చెప్పేవాడివే బావా, నేనే ఏనాడూ అడగలేదు. తెర దానంతటదే ఆరిపోయేదాకా నీ పేరు చూస్తూ కూర్చున్నాను.