సాయిలు పేరు నేను చెప్పలేదు

శుక్రవారం, మనామా, బహ్రెయిన్

సాయిలును డ్రైవర్ పనని రప్పించి, మా తెలుగు సంఘం అధ్యక్షుడు తన బిల్డింగు సైటులో ఇటుకలు మోయిస్తున్నాడు. పాస్‌పోర్టు కూడా లాక్కున్నాడు. ఆ మాట సభలో చెప్తానని సాయిలు నాకు మాటిచ్చాడు.

రేపటి సంఘం ఎన్నికల్లో అధ్యక్షుడి మీద పోటీ చేస్తున్నదాన్ని, ఇవాళ సభలో అదంతా అడిగేశాను.

“సాక్షి ఎవరమ్మా?” అంటూ అధ్యక్షుడు నవ్వాడు.

వెనక వరసలో సాయిలు తల దించుకున్నాడు. అతని పేరు నా నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. అందరూ నన్నే అబద్ధాలకోరన్నారు.

బయటికొచ్చాక సాయిలు చేతులు జోడించాడు. “మాఫ్ చెయ్యి అక్కా. నోరు తెరిస్తే ఖలాస్, ఇంటికి పంపుతడు. నాకు ఓటుంటే నీకే ఏస్తుంటి.”

సంఘంలో కూలీలకు ఓటు లేదు.

మేం మాట్లాడుకోవడం అధ్యక్షుడు మెట్ల మీద నుంచి చూశాడు. సాక్షి ఎవరో ఆయనకు అర్థమైపోయినట్టుంది. రేపు ఎన్ని ఓట్లొస్తాయోనన్న బెంగ పోయింది. ఆ చూపే కళ్ల ముందు కదులుతోంది. రేపు సాయిలు డ్యూటీకి వెళ్తే...