జాక్‌లో గరగర

మార్చి 9, ఆదివారం
మధ్యాహ్నం

అక్కకు,

నీ చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. నేను క్షేమం. నా బేస్ గిటార్ కూడా నిన్నటి నుంచి క్షేమం. నువ్వూ పిల్లలూ కులాసాగా ఉన్నారని నమ్ముతాను. బావగారి క్షేమం మాత్రం ఈసారికి అడగను. ఎందుకు అడగనో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. చేస్తే ఆయన పక్కనే కూర్చుని స్పీకర్ ఆన్ చెయ్యమంటారు, నేను సగం మాటలు మింగాలి. అందుకే నువ్వు పాఠాలు చెప్పే స్కూలు చిరునామాకు రాస్తున్నాను. స్టాఫ్ రూములో కూర్చుని చదువుకో. చదివాక చింపేస్తావో, ఇంటికి తీసుకెళ్ళి ఆయన కాఫీ కప్పు కింద పెడతావో నీ ఇష్టం.

శుక్రవారం ప్రోగ్రాం మధ్యలో నేను స్టేజీ దిగి వెళ్ళిపోయానని ఈపాటికి నీకు చెప్పే ఉంటారు. మరదలికి పొగరెక్కిందని, నలుగురిలో బ్యాండు పరువు తీసిందని కూడా చెప్పి ఉంటారు. ఆయన నోట విన్నావు కదా, ఇప్పుడు నా నోట విను.

మొదలు పెట్టాల్సింది గరగర నుంచి. పోయిన వానాకాలంలో మొదలైంది. నేను తీగ మీటిన ప్రతిసారీ కాదు, కాస్త పక్కకి తిరిగినా, కాలు కదిపినా, వెనకున్న నా ఆంప్ స్పీకర్ పెట్టెలో కాగితాల బుట్టలో ఎలుక దూరినట్టు గరగరమనేది. ఒక్కోసారి శబ్దం టక్కున ఆగిపోయి మళ్ళీ వచ్చేది. బేస్ అంటే నీకు చెప్పక్కర్లేదు, నాకు దాన్ని ఒళ్ళో పెట్టుకోవడం నేర్పింది నువ్వే. చెవికంటే ముందు కడుపుకి తెలిసే శబ్దం అది. అలాంటి శబ్దం మధ్యలో ఈ గరగర వస్తే, అన్నంలో రాయి పంటి కింద పడ్డట్టే.

కేబుల్ పాడైందేమోనని మార్చాను. తగ్గలేదు. ఆంప్ మీద అనుమానం వచ్చి, గిటార్‌ని మన డ్రమ్మర్, అదే మీ మరిది ఇంట్లో ఉన్న ఇంకో ఆంప్‌కి తగిలించి చూశాను. అక్కడా అదే గోల. వాల్యూమ్ మరను అటూ ఇటూ తిప్పితే ఏమీ మారలేదు, కాబట్టి తప్పు దానిది కాదు. చివరికి కేబుల్ మొనను గిటార్‌లో గుచ్చే చోట, అదే జాక్‌లో, వేలితో మెల్లగా తిప్పి చూశాను. దొంగ దొరికాడు! తిప్పినప్పుడల్లా గరగర. మొనతో పాటు జాక్ కూడా వదులు పన్నులా ఊగుతోంది.

బావగారికి చెప్పాను. ఆయన నా చేతిలోంచి గిటార్ తీసుకుని, మన సౌండాయన చూస్తాడులే, వాడికిదో లెక్కా, అన్నారు. సౌండాయన ఎవరో తెలుసుగా, మిక్సర్ ముందు కూర్చుని ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండే ఆయన స్నేహితుడు. తర్వాతి రిహార్సల్‌కి గిటార్ తిరిగొచ్చింది. బాగైపోయింది చూసుకో, అన్నారు. రెండు ప్రోగ్రాములు బాగానే ఉంది. తర్వాత మళ్ళీ మొదలు, ఈసారి ఇంకా అధ్వానంగా.

నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని అక్కా. పాట జరుగుతున్నంతసేపూ కదలకుండా, మెడ పట్టేసినదానిలా నిలబడేదాన్ని. కేబుల్‌ని బెల్టు చుట్టూ తిప్పి, జాక్ మీద బరువు పడకుండా మోచేత్తో అదిమి పట్టుకునేదాన్ని. హాలంతా నా గరగరే వింటోందని, కిందున్నవాళ్ళు నన్ను చూసే నవ్వుకుంటున్నారని అనుకునేదాన్ని. ఎన్నిసార్లు మొత్తుకున్నా బావగారు, ఎవరికి వినపడుతుందిలే అమ్మాయ్, నువ్వు వాయించు, అనేవారు. ఎంత మంచి మనిషి, ఎంత ఓర్పు అనుకున్నాను. చీ, నా బుద్ధికి!

మొన్న శుక్రవారం ఒక ఆఫీసు వాళ్ళ వార్షికోత్సవం. హాలు చల్లగా, మెరుస్తూ బాగానే ఉంది కానీ స్టేజీ వెనక గది చూస్తే వాంతి వచ్చేలా ఉంది. వాష్ బేసిన్‌లో ఎవరివో వెంట్రుకలు, బల్ల మీద ఎంగిలి పళ్ళాలు, నాలుగు మూలలా ఫినాయిల్ కంపు. ఇంకా సమయం ఉంది కదా అని, ఒక శుభ్రమైన కుర్చీ వెతుక్కుని కూర్చుని, స్క్రూలు విప్పి జాక్ ఉన్న రేకు పైకి తీశాను.

అక్కా, లోపల ఏముందో ఊహించు. ఊహించలేవులే. బోల్టు బిగించాల్సిన చోట చూయింగ్ గమ్! ఎవడో నమిలి, ఉమ్మి, వేలితో అద్ది పెట్టిన గమ్. ఎండి గట్టిపడి, దాని మీద పంటి గాటు కూడా అలాగే ఉంది. గరగర తగ్గడానికని లోపలంతా మెషిన్ ఆయిల్ పోసినట్టున్నారు, దానికి దుమ్ము అంటుకుని నల్లటి జిగురు ముద్దైంది. అందులో ఒక చచ్చిన చీమ. జాక్‌కి వచ్చే రెండు తీగల్లో ఒకటి వెంట్రుకంత పోగు మీద వేలాడుతోంది. టంకం పెట్టాల్సిన చోట ప్లాస్టర్ ముక్క అంటించారు, దెబ్బలకి వేసుకునే ప్లాస్టర్! అది అంతకుముందు ఎవరి పుండు మీద ఉందో ఆ దేవుడికే ఎరుక. ఇన్నాళ్ళూ నా పొట్టకి ఆనించుకుని వాయించింది ఈ ఎంగిలినా అనుకుంటే ఒళ్ళంతా జలదరించింది. చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నానో.

టంకం పెట్టే సామాను దగ్గర లేదు. మీ మరిది దగ్గర స్పిరిట్ సీసా ఉంటే, గుడ్డ తడిపి తుడిచినంత తుడిచాను. జాక్ లోపల మొనని పట్టుకునే రేకు నాలుక బయటికి వంగిపోయి ఉంటే దాన్ని కాస్త లోపలికి వంచాను. బోల్టు బిగించాను. వేలాడే తీగని చేత్తోనే మెలిపెట్టి, ఈ ఒక్క సాయంత్రం నిలబడు తల్లీ అని దండం పెట్టుకున్నాను.

నిలబడలేదు. మూడో పాట పల్లవిలోనే టప్పుమంది, నా ఆంప్ మూగబోయింది. గరగర కూడా లేదు. బేస్ ఆగిపోతే పాట చప్పబడిపోతుంది కదా. కానీ చప్పబడలేదు. తీగల మీంచి రెండు చేతులూ తీసేశాను, అయినా హాలు స్పీకర్లలో బేస్ దర్జాగా నడుస్తోంది! నేల అదురుతోంది, ముందు వరుసలో వాళ్ళు ఊగుతున్నారు, నేను మాత్రం గాలిలో చేతులు పెట్టుకుని దిష్టిబొమ్మలా నిలబడ్డాను.

ఇన్నాళ్ళూ నా ఆంప్ నా వెనకే మోగుతుంటే, హాలులో మోగేది కూడా నేనే అనుకున్నాను. అది నాకు మాత్రమే వినపడే బొమ్మ ఆంప్ అని అప్పుడు తెలిసింది.

కీబోర్డ్ దగ్గరున్న బావగారి వైపు చూశాను. కంగారు పడతారనుకున్నావా? నవ్వారు. జనం వైపు మొహం పెట్టి నవ్వుతూనే, పెదవుల చివర నుంచి, చేతులు ఆడించు, అన్నారు. అర్థం కాలేదనుకుని మళ్ళీ అన్నారు. ఆడించమ్మా, చూస్తున్నారు.

ఆడించాను అక్కా. అది తలుచుకుంటేనే ఎక్కువ రోత పుడుతోంది. ఒక చరణం పాటు చచ్చిన తీగల మీద వేళ్ళు ఆడించాను. తర్వాత నా వల్ల కాలేదు. బేస్ భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాను. నేను దిగినా బేస్ ఆగలేదు. ఎవరూ తల తిప్పి చూడలేదు కూడా.

విరామంలో ఆయన వెనక గదికి వచ్చారు. చేతిలో పళ్ళెం. ఎప్పటి నుంచి నా శబ్దం తీసేశారని అడిగాను. ఆయన నములుతూనే, నీ మంచికే చేశాను, నీ గరగర జనం చెవిన పడితే నీకే నామోషీ అని రికార్డు పెట్టించాను, అన్నారు. నాకెందుకు చెప్పలేదంటే, చెబితే అలుగుతావు, అలిగితే స్టేజీ మీద బోసిగా ఉంటుంది, అన్నారు. జనాన్ని మోసం చెయ్యడం కాదా అంటే, వాళ్ళు భోజనానికి వచ్చారమ్మాయ్, చెవులు ఇంట్లో పెట్టి వచ్చారు, ఆడపిల్ల అంత పెద్ద గిటార్ వాయిస్తోందని చూడ్డానికి బాగుంటుంది, అంతే, అన్నారు. అని, నూనె చేతిని తలుపు తెరకి తుడుచుకున్నారు.

అంటే నేను పూలకుండీని. నా చేతిలో పదేళ్ళ సాధన ఉందనుకున్నాను, ఆయనకి అది చీర అంచు. నాకు కోపం వచ్చిందని రాస్తే అబద్ధం అవుతుంది. కోపానికి ఒక మర్యాద ఉంటుంది. నాకు వచ్చింది అసహ్యం. ఆ గమ్ముని ముట్టుకున్నప్పుడు వచ్చినదే, అచ్చం అదే.

మళ్ళీ స్టేజీ ఎక్కితే, డ్రమ్స్ దగ్గర మీ మరిది తల దించుకుని కూర్చున్నాడు. నీకు తెలుసా అని అడిగాను. తాళం కోసం చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టి, తన ఫోన్‌లో ఆ రికార్డు నడిపి, నన్ను తిట్టకు వదినా, నువ్వే విను, అన్నాడు. వాడు నన్నెప్పుడూ వదినా అనడు, కంగారులో అలా అన్నాడు. కాసేపు విన్నాను. తీసి ఇచ్చేశాను. ఇంటికి నడిచి వెళ్ళాను.

నిన్న కొత్త జాక్ తెచ్చుకున్నాను. వంటింటి బల్ల మీద పాత గుడ్డ పరిచి, ఆ జిగురంతా గీకి, దూది పుల్లలతో మూలమూలా తుడిచి, తీగల చివర్లు కొత్తగా వొలిచి టంకం పెట్టాను. మొదటిసారి ముద్ద కట్టింది, తీసేసి మళ్ళీ పెట్టాను. బోల్టు బిగించాను. ఇప్పుడు కేబుల్ గుచ్చి గిరగిరా తిప్పినా కిక్కురుమనదు. గిన్నెలు అదిరేలా వాయించాను. కింది అంతస్తులో ఆవిడ వచ్చి, ఏమిటమ్మా ఆ హోరు అని అడిగింది. నేను వాయించింది ఒక మనిషికి వినపడి ఎన్నాళ్ళయిందో! ఆవిడకి టీ ఇచ్చి పంపాను.

ఆ బ్యాండులోకి ఇక రాను. బతిమాలినా రాను, బంధువులతో చెప్పించినా రాను. మీ ఇంటికి మాత్రం వస్తాను, పిల్లల కోసం. ఆయన ఎదురొస్తే పలకరిస్తాను, పళ్ళు కనపడకుండా.

పిల్లలకి ముద్దులు.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క.: అక్కా, ఇంతదాకా నీకేమీ తెలియనట్టే రాశాను. ఆ ఇయర్‌ఫోన్‌లో వినపడింది ఉత్త బేస్ కాదు. పాట మొదలయ్యే ముందు, ఒకటీ, రెండూ, అని లెక్క పెట్టే గొంతు ఒకటుంది. హాలుకి వినపడదు, డ్రమ్స్ వాయించేవాడికి మాత్రమే. ఆ గొంతు నీది. మీ మరిదిని నిన్న నిలదీస్తే మొత్తం చెప్పేశాడు. పిల్లలు లేనప్పుడు పడగ్గది తలుపేసుకుని అన్ని పాటలూ నువ్వే వాయించి ఇచ్చావట. జాక్ బాగయ్యేదాకా అని బావగారు అడిగారట, ఆ తర్వాత జాక్ బాగవడం ఆయనకి అక్కర్లేకపోయిందట. మరదలు స్టేజీ మీద ఉంటే ముచ్చట, పెళ్ళాం ఉంటే చిన్నతనం కదా ఆయనకి. నువ్వు ఆయనకి భయపడి నాకు చెప్పలేదో, నామీద జాలిపడి చెప్పలేదో, లేక ఏదో ఒక దారిన నీ చెయ్యి ఒక హాలు నిండా వినపడాలని చెప్పలేదో నాకు తెలియదు. మొదటి రెంటిలో ఏదైనా అయితే నాకు నీ మీద కూడా అసహ్యమే. మూడోదే అయితే ఈ ఉత్తరానికి జవాబు రాయకు, నేరుగా నా దగ్గరికి రా. నాకంటే నువ్వే బాగా వాయించావు, ఆ మాట రాయడానికి ఒళ్ళు మండుతోంది. ఈసారి వాయిస్తే నీ మొహం నలుగురికీ కనపడేలా వాయించు.