ఊదినామెకు చెప్పని మాట

ఎమ్మిగనూరు, మంగళవారం రాత్రి

ఈరోజు నా మనవరాలు కావ్య మొదటిసారి తాను తయారుచేసిన యంత్రాన్ని అమ్మడానికి పోయింది. దాని గొట్టంలోకి ఊదితే ఊపిరితిత్తుల సత్తువ ఎంతో చూపిస్తుంది. దీనికోసమే బెంగళూరులో పరిశోధన ఉద్యోగం వదిలేసి వచ్చి, మా వంటింటి పక్క గదికి కంపెనీ అని పేరు పెట్టింది. ఆ కంపెనీలో కాఫీ విభాగమంతా నాదే. అందుకే వెంట పోయాను.

ఆదోనిలో జిన్నింగు మిల్లు ఓనరుకు యంత్రం నచ్చింది. పత్తి దుమ్ములో పనిచేసే ఒకామెను పిలిచి ఊదించాడు. ఆమె ఊది, దగ్గి, "నాకెట్లుందమ్మా?" అని కావ్యను అడిగింది.

"అదంతా మేం సూసుకుంటాం, నువ్వు పో," అన్నాడు ఓనరు. ఆమె పోయినాక గొంతు తగ్గించినాడు. "ఎవురికి ఊపిరి తక్కువుండాదో నాకొక్కనికే సెప్పమ్మా. వాళ్లను పనిలోంచి తీసేస్తా. దీనికి ఒప్పుకుంటే నా మిల్లులన్నింటికీ తీసుకుంటా."

కావ్య కాదనలేదు. "రేపు చెప్తాను సార్," అంది. ల్యాబులో ఒక్క అంకె తేడా వస్తే అన్నం మానేసిన పిల్ల!

తిరుగు బస్సులో నేనే కదిలించాను. "ఆమెకు ఎట్లుందే?"

"బాగలేదవ్వా."

"మరి చెప్పలేదేం?"

"ఈ ఆర్డరు పోతే కంపెనీ మూసేయాల. నీకు తెలీదా?"

తెలుసు.

ఇందాక నా దగ్గరికి వచ్చి, పొద్దున్నే మొదటి బస్సుకు ఆదోని పోతాండానని చెప్పి పడుకుంది. ఓనరు దగ్గరికా, ఆమె దగ్గరికా అని నేను అడగలేదు. ఎవరినైనా ఏదైనా అడిగేసే నోరు నాది. జవాబు వినే ధైర్యమే ఈ రాత్రి లేకపోయింది...