ఫ్రిజ్‌కి వేసిన తాళం

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్న పూర్ణా మార్కెట్ నుంచి ఫ్రిజ్ మెకానిక్ ఖాదర్ వచ్చాడు.

మా తమ్ముడికి చల్లటి మజ్జిగ ఇచ్చానని మీరు ఫ్రిజ్ తలుపుకి గొళ్లెం బిగించారు. రోజూ దానికి తాళం వేసి పోర్టులో పనికి వెళ్లేవారు. ఆ వారం నుంచే ఐసు కరగసాగింది. నేను దొంగ తాళంచెవి చేయించి చాటుగా తీస్తున్నానని నామీద చెయ్యి చేసుకున్నారు.

ఖాదర్ తలుపు సందులో కాగితం పెట్టి, తలుపు మూసి లాగితే కాగితం ఊరికే వచ్చేసింది.

"గొళ్లెం ఎవులు బిగించారమ్మా? ఆ స్క్రూలకే తలుపు వొంగిపోనాది. సల్లదనం అంతా బయటికి పోతంది" అన్నాడు.

"మా ఆయన" అన్నాను.

తలుపు సరిచేయించాను. సాయంత్రానికి ఐసు రాయిలా గడ్డకట్టింది. ఊడదీసిన గొళ్లెం మీ ఫొటో ఉన్న గది తలుపుకి బిగించమని ఖాదర్‌కి అప్పుడే చెప్పాను. తాళం నేనే వేశాను.

మా తమ్ముడు రెండో గ్లాసు మజ్జిగ తాగుతున్నాడు.