ఫుటుకు అర ఇంచు

21 జనవరి 1962, ఆదివారం

ఎట్టకేలకు మామ లారీ కొలిచాను. మూడు నెలల నుంచి అడుగుతుంటే ఇవ్వాళ దయ కలిగింది. అదీ లోడు దొరక్క నార్కట్‌పల్లి చౌరస్తాలో ఖాళీగా నిలబడింది కాబట్టి.

టేపు ఒక కొస నా చేతిలో, ఇంకో కొస డ్రైవరు సాయిలు చేతిలో. నా పిచ్చి సాయిలుకు బాగా తెలుసు. వెనక టైరుకూ బాడీ చివరకూ మధ్య దూరం మూడుసార్లు కొలిపించినా విసుక్కోలేదు. నేను ఎక్కలేనంటే క్యాబిన్ మీదికి తానే ఎక్కి టేపు పరిచాడు.

ఇప్పటికి రేకుతో, చెక్కతో పదకొండు చిన్న బండ్లు చేశాను. ఆఫీసు జీపు, రోడ్డు రోలరు, రెండు బస్సులు, తహసీల్దారు గారి కారు, మిగతావన్నీ లారీలు. ఒక్కదాన్ని కూడా కొలవకుండా చెయ్యలేదు. చూసి చేసేది బొమ్మ, కొలిచి చేసేది నమూనా. ఈ ముక్క ఈ ఇంట్లో ఎవరి తలకూ ఎక్కదు.

బాడీ పొడవు పదహారు అడుగులు వచ్చింది. కాగితాల్లో పద్నాలుగే. పోయిన దీపావళికి మామ వడ్రంగి ఐలేశంతో వెనక రెండడుగులు పెంచించాడు, పల్లికాయ బస్తాలు ఎక్కువ పడతాయని. నా స్కేలు ఫుటుకు అర ఇంచు. అంటే నా లారీ బాడీ ఎనిమిది ఇంచులు.

టేపు చుడుతుంటే సాయిలు మెల్లగా అన్నాడు: "మలుపు తిప్పితె తోక ఊగుతాంది సారూ. సందులల్ల భయమైతాంది. సావుకారికి రెండుసార్లు చెప్పిన, ఇనలే."

నడిపేవాడివి నువ్వు, గట్టిగా చెప్పాలి మరి అన్నాను. నేనేదో మామకు రోజూ గట్టిగా చెప్తున్నట్టు.

2 ఫిబ్రవరి

నల్లగొండలో మా ఆఫీసులో అడుగులు పోయి మీటర్లు వచ్చాయి. రోడ్ల డ్రాయింగులన్నీ కొత్త కొలతల్లో మళ్లీ ట్రేస్ చేయాలట. పదేళ్లు గీసిందంతా మళ్లీ గీయాలి. ట్రేసర్ బతుకే అంత, ఇంకొకడు గీసిన గీత మీద గీత.

ఇంట్లో మాత్రం నా అడుగులు, నా ఇంచులు నాకున్నాయి. ఇల్లు అంటున్నాను గానీ ఇది నా ఇల్లు కాదు. గండయ్య మామ ఇల్లు. ఒక్కతే బిడ్డ అని నన్ను ఇల్లరికం తెచ్చుకున్నాడు. ఉద్యోగం ఆయన ఒక మాట చెప్తే వచ్చింది. దేవరకొండ దగ్గర మా నాయిన మగ్గం ఆయన జాగాలోనే ఉంది. ముందు గదిలో నూలు దుకాణం, పెరట్లో లారీ, మధ్యలో మేము. నాకంటూ ఉన్నది నూలు బేళ్ల వెనక ఒక మూల. నా కత్తెర, ఆకురాయి, కిరసనాయిలు డబ్బా రేకులు అన్నీ అక్కడే. కాళ్లు చాపితే బేలు తగులుతుంది.

రాజమణి నాలుగుసార్లు బువ్వకు పిలిచింది. ఐదోసారి వచ్చి, ముప్పై ఆరేళ్లు వచ్చినా ఇంకా బొమ్మలాటేనా అని పోయింది. బొమ్మ కాదే అని అరిచాను. దుకాణంలో బేరమాడుతున్నవాళ్లు తిరిగి చూశారు.

5 ఫిబ్రవరి

అయిపోయింది! పన్నెండో బండి. టైర్లు తెగిన చెప్పు అడుగు రబ్బరు. ఇరుసులు సైకిల్ పుల్లలు. ముందద్దం దవాఖానలో పారేసిన ఎక్స్‌రే ఫిల్ము, వేడినీళ్లలో కడిగితే అద్దంలా తేటగా వచ్చింది. బాడీ టేకు.

సాయిలు దాన్ని అరచేతిలో పెట్టుకొని అన్ని దిక్కులా తిప్పాడు. తర్వాత కింది నుంచి చూసి స్ప్రింగు కమాను పట్టీలు లెక్కపెట్టాడు. ఏడూ ఉన్నాయన్నాడు. ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకు ఎవరూ ఇవ్వలేదు. రెండు రోజులు గాలిలో తేలతాను, రాజమణి ఏమన్నా సరే.

7 ఫిబ్రవరి, పొద్దున

నిన్న సాయంత్రం దేవరకొండలో లారీ ఒక సందు మలుపు తిరుగుతుంటే తోక గోడ దిక్కు ఊగింది. గోడ పక్కన కూరగాయలమ్ముకునే ముసలామె మధ్యలో నలిగింది. పేరు బాలనర్సమ్మట. దవాఖానలో ఉంది.

జనం మీదికి రావడంతో సాయిలు భయపడి ఆపకుండా వచ్చేశాడు. పెరట్లో లారీ పెట్టి, దాని పక్కనే నేల మీద కూర్చున్నాడు. నీళ్లిస్తే తాగలేదు. పోలీసుల దగ్గరికి పోతానన్నాడు. తొందరపడొద్దు, నేను చెప్పినప్పుడు పోదువు గానీ అని మామ ఆపాడు.

8 ఫిబ్రవరి

పెరట్లో రంపం చప్పుడు. ఐలేశం వచ్చాడు.

9 ఫిబ్రవరి

లారీకి వెనక రెండడుగులు లేవు. కోసిన చోట రంగు పూసి, కొత్తగా కనబడకుండా మట్టి కూడా కొట్టారు. పలకలు పొయ్యిలోకి పోయాయి. ఇవ్వాళ మా అన్నం ఆ కట్టెల మీదే ఉడికింది. తిన్నాను.

టేపు పట్టకుండానే చెప్పగలను, పద్నాలుగు.

11 ఫిబ్రవరి

ఏ లారీ అని పోలీసులు నార్కట్‌పల్లి దాకా అడుగుతూ వచ్చారు. మామ సాయిలును లారీతో సహా స్టేషనుకు పంపాడు. వకీలును పెడతానన్నాడు, ఇంటికి గింజలు పంపుతానన్నాడు. సాయిలు ఎక్కబోయేముందు లారీ వెనక్కి పోయి చూశాడు. తర్వాత నా దిక్కు చూశాడు. నేను నూలు బేళ్ల దిక్కు చూశాను.

15 ఫిబ్రవరి

బాలనర్సమ్మ చనిపోయింది.

20 ఫిబ్రవరి

సాయిలు భార్య గుర్వమ్మ వచ్చింది. సాయిలు నల్లగొండ సబ్‌జైలులోనే ఉన్నాడు. జామీను నిలబడే మనిషి లేడు. మామ వకీలును పెట్టనే లేదు.

ఆమె దుకాణం మెట్టు మీద నిలబడి మామకు అంతా వరసగా చెప్పింది. బాడీ పొడవు పెంచారని సాయిలు పోలీసులకు చెప్తే వాళ్లు నమ్మలేదట. కాగితం పద్నాలుగు అంటోంది, లారీ పద్నాలుగు అంటోంది. అప్పుడు సాయిలు అన్నాడట: "మా సారు కొలిచిండు. టేపు కొస నేనే పట్టిన. సారు తాన చిన్న లారీ ఉన్నది, అది అబద్ధం చెప్పదు." దాన్ని చూడటానికి ఎస్సై వస్తాడట. ఇక మా ఆయన బయటపడ్డట్టేనని ఆమె ముఖం వెలిగిపోతోంది. ఈ మాట చెప్పకూడని మనిషికే చెప్తున్నానని ఆమెకు తెలియదు పాపం.

బేళ్ల వెనక కూర్చొని అంతా విన్నాను. బయటికి రాలేదు.

అదే రోజు, సాయంత్రం

పదేళ్లలో మొదటిసారి మామ నా మూలకు వచ్చాడు. బేలు మీద కూర్చొని లారీని చేతిలోకి తీసుకున్నాడు. మంచి పనితనం అన్నాడు. దీన్ని కూడా కోయడానికి ఎంతసేపు పడుతుందని అడిగాడు.

కోయనన్నాను. నిజంగానే అన్నాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకున్నా బాగుండేది. పర్మిటు పోతుందన్నాడు. తాను కూడా ముద్దాయి అవుతానన్నాడు. సాయిలుకు మంచి వకీలును పెట్టి విడిపించే పూచీ తనదన్నాడు. ఆ తర్వాత మా నాయిన బాగున్నాడా అని అడిగాడు. మగ్గం గుంటలో చెమ్మ తగ్గిందా అని అడిగాడు. ఇన్నేళ్లలో ఆ గుంట ఆయనకు ఎన్నడూ గుర్తుకు రాలేదు. లేస్తూ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒక్క ఇంచే గద అల్లుడా. బొమ్మకు ఒక్క ఇంచు తగ్గితె ఏమైతది?"

ఒక్క ఇంచంటే రెండడుగులు మామా, ఆ రెండడుగుల్లోనే ఆమె నలిగింది మామా అని చెప్పాల్సింది. ఆయన పోయాక తట్టింది. నాకన్నీ అట్లాగే తడతాయి.

కోశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. వెనక పలక మళ్లీ అతికించి, ఆకురాయి పట్టి, రంగు వేసి, ఐలేశం కంటే నున్నగా చేశాను. తప్పుడు పని కూడా శుభ్రంగా చేశాను, థూ.

రాజమణి పొట్టు ఊడ్చింది. ఇక ఇది బొమ్మే. ఆమె మాటే నిజమైంది.

22 ఫిబ్రవరి

ఎస్సై వచ్చాడు. నాచేతే కొలిపించాడు. బాడీ ఎంత అన్నాడు, ఏడు ఇంచులు అన్నాను. స్కేలు ఎంత అన్నాడు, ఫుటుకు అర ఇంచు అన్నాను. పద్నాలుగు అని రాసుకున్నాడు. లారీని తువ్వాలలో చుట్టి తీసుకుపోయాడు. సంతకం పెట్టాను. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు, అదేం విద్యో.

5 మార్చి

మామ పెద్ద వకీలును పెట్టాడు. సాయిలుకు కాదు, తనకు.

11 మార్చి, ఆదివారం

చౌరస్తాలో పెట్రోలు ట్యాంకరు ఆగింది. ఎన్నాళ్ల నుంచో చేయాలనుకుంటున్న బండి. డ్రైవరును బతిమాలి కొలవబోయాను. టేపు రెండో కొస పట్టేవాడు లేడు. రాయి కింద పెట్టి లాగితే జారిపోతోంది. రెండుసార్లు కొలిస్తే రెండు లెక్కలు వచ్చాయి. వదిలేసి వచ్చాను.

19 మార్చి

ఆఫీసు గేటు దగ్గర గుర్వమ్మ నిలబడి ఉంది. వెనక గోడ దూకి పోదామా అనిపించింది. తిడుతుందనుకున్నాను. దుమ్మెత్తి పోస్తుందనుకున్నాను. జైలులో సాయిలును చూసి వస్తోందట. ఒక మాట చెప్పి రమ్మన్నాడట.

"సారును ఏమనకు అన్నడు. గా ఇంట్ల ఉన్నోడు గంతకంటె ఏం చేస్తడు పాపం, అన్నడు."

అంతే. కొంగు సర్దుకొని వెళ్లిపోయింది.

ఒళ్లు మండిపోయింది. తిట్టినా ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకునేవాణ్ని. జైల్లో ఉన్నవాడు నన్ను చూసి పాపం అంటాడా? ఎవడడిగాడు నీ పాపం? బస్సంతా వాడితో తగువు పెట్టుకుంటూ వచ్చాను, లోపల్లోపల. ఇంటికొచ్చి బేళ్ల మధ్య కూర్చున్నాక తగువు ఆగిపోయింది. వాడు తప్పేమన్నాడు? వాడికి కనీసం వాయిదా తేదీ ఉంది. నేనిక్కడికి వచ్చి పదేళ్లయింది, నాకేం తేదీ ఉంది? చాలాసేపు ఏడ్చాను. చప్పుడు దుకాణంలోకి వినబడకుండా ఏడ్చాను, అది కూడా రాస్తున్నాను.

24 మార్చి

సమన్లు వచ్చాయి. 29న నా సాక్ష్యం.

మామ వకీలు ఇంటికొచ్చి పాఠం చెప్పాడు. అడిగినంతే చెప్పాలి. నమూనా స్కేలుకు సరిగ్గా ఉందా అంటే ఉందనాలి. పద్నాలుగు అడుగుల బాడీ అయితే దేవరకొండ సందులో గోడకు దూరంగానే తిరుగుతుందట. నా లారీనే బల్ల మీద తిప్పి చూపిస్తారట. కాబట్టి తప్పంతా డ్రైవరు నడపడంలోనే ఉన్నట్టు. సాయిలుకు రెండేళ్ల దాకా పడొచ్చట. ఒకవేళ నేను తడబడితే అడుగులూ మీటర్లూ కలిసిపోయి గందరగోళమైందని చెప్పాలట, ఈ ఏడాది అందరికీ అవుతున్నదే కదా అన్నాడు. తెలివైనవాడు. మామ ఆయనకు చాయ్‌లో పాలు ఎక్కువ పోయించాడు.

28 మార్చి

చొక్కాకు ఇస్త్రీ చేస్తూ రాజమణి అడిగింది, నిజం చెప్తే బాపుకు ఏమవుతుందని. పర్మిటు పోతుంది, కేసవుతుంది అన్నాను. చెప్పకపోతే అంది. సాయిలు జైలుకు పోతాడన్నాను. నీకేమవుతుంది అని అడగలేదు. అడగాల్సిన పని లేదు. ఈ గడప తొక్కనివ్వడని ఇద్దరికీ తెలుసు. మా నాయిన మగ్గం సంగతి కూడా తెలుసు.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. తర్వాత నా ముఖం చూడకుండా అంది:

"నేను గీ ఇంట్లనే పుట్టిన. నాకు బయటి తొవ్వ తెల్వదు. నువ్వు బయట్నించి వచ్చినోడివి."

పొమ్మన్నదో, ఉండమన్నదో. అడిగే ధైర్యం నాకు లేదు. చొక్కా మాత్రం మడత పడకుండా మేకుకు తగిలించింది.

29 మార్చి, నల్లగొండ బస్‌స్టాండు

కోర్టులో నా చిన్న లారీని బల్ల మీద పెట్టారు. స్కేలుకు ఉందా అని అడిగారు. లేదన్నాను. కొలతలు మారిన ఏడాది కదా, పొరపాటు జరిగిందా అని అడిగారు. పొరపాటు కాదు, నేనే కోశాను అన్నాను.

సాయిలు తలెత్తలేదు. మామ లేచి బయటికి పోయాడు.

నార్కట్‌పల్లి బస్సులు రెండు పోయాయి. మూడోదాని కండక్టరు వచ్చి, ఎక్కుతవా సారూ అని రెండుసార్లు అడిగాడు. నేనింకా ఏమీ చెప్పలేదు.